గేమ్ కన్సోల్ గెలుపోటముల్లో కంట్రోలర్ వాటా ఎంత?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయండి. నింటెండో వాళ్ళ గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌ని ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు కదా, మరి ఆ కన్సోల్ ఎందుకు ఆడలేదు, కంట్రోలర్ డిజైన్‌కీ అమ్మకాలకీ నిజంగా సంబంధం ఉందా అన్నది మొదటిది. భీమవరంలో రెండు టీవీలతో పెట్టబోయే గేమ్ పార్లర్‌కి ఏ కన్సోల్ తీసుకోవాలి, కంట్రోలర్లు ఎన్నాళ్ళు నిలుస్తాయి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోది సగం తేలిపోతుంది, అందుకని కలిపే చెబుతాను.

సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. కానీ మీరు అనుకుంటున్నట్టు చేతికి హాయిగా ఉందా లేదా అన్న దారిలో కాదు. కంపెనీలు ఆటలు తయారు చేసేది కంట్రోలర్ మీద ఏమేం ఉన్నాయో చూసుకునే. ఆటల్ని చూసి జనం కన్సోల్ కొంటారు. కాబట్టి కంట్రోలర్ ప్రభావం అమ్మకాల మీద ఆటల మీదుగా పడుతుంది, నేరుగా కాదు. అది పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా అన్నదాన్ని బట్టి ఆ ప్రభావం ఎంతో తేలుతుంది. ఎక్కువమంది పట్టించుకోనిది ఈ రెండో సంగతే.

ముందు పూర్తిగా చెడిపోయిన ఉదాహరణ చూడండి. 1982లో వచ్చిన అటారీ 5200 జాయ్‌స్టిక్‌లో, వదిలేస్తే మధ్యకి తిరిగొచ్చే స్ప్రింగ్ లేదు. ఎటు నెట్టితే అటే ఉండిపోయేది. పాక్‌మ్యాన్ లాంటి ఆటలో సందు రాగానే టక్కున మలుపు తిరగాలి. స్టిక్ మధ్యకి రాకపోతే ఆడేవాడు ప్రతిసారీ చేత్తో వెనక్కి తేవాలి. పైగా లోపలి పల్చటి ఫిల్మ్ సర్క్యూట్, రబ్బరు బటన్ల కాంటాక్టులు తొందరగా చెడిపోయి బటన్లు పనిచేయడం మానేసేవి. ఆ మిషన్ సుమారు పది లక్షల దగ్గర ఆగిపోయి 1984లో మూతపడింది. అప్పుడు అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారమంతా కుప్పకూలిందన్నది నిజమే. అయినా ఈ కంట్రోలర్ చేసిన నష్టాన్ని తక్కువగా చూడటానికి లేదు.

అదే 1982లో గున్‌పే యోకోయి నింటెండోలో డాంకీకాంగ్ చేతి ఆటకి ప్లస్ గుర్తు ఆకారంలో ఒక బటన్ పెట్టాడు. ఒకటే ప్లాస్టిక్ ముక్క, దాని అడుగున మధ్యలో గుండ్రటి ఆధారం, కింద రబ్బరు పొర, నాలుగు దిక్కులా నాలుగు కార్బన్ బిళ్ళలు. కుడీ ఎడమా ఒకేసారి నొక్కుదామన్నా ముక్క ఒప్పుకోదు. తయారీ ఖర్చు తక్కువ, చెడిపోయేది తక్కువ, బొటనవేలు పైకెత్తకుండా దిక్కు మార్చొచ్చు. 1983లో నింటెండో ఫ్యామికామ్ కన్సోల్ దాంతోనే వచ్చింది. జపాన్‌లో ఫ్యామికామ్, బయట ఎన్ఈఎస్ అన్న పేర్లతో కలిపి 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి. తొంభైల్లో మన ఇళ్ళలోకి వచ్చిన క్యాసెట్ల టీవీ వీడియో గేమ్‌లు చాలామటుకు ఆ ఫ్యామికామ్‌కి నకళ్ళే. ప్లాస్టిక్ నాసిరకం, వైరు నాసిరకం, అయినా ఆ ప్లస్ బటన్ మాత్రం పనిచేసింది. నకలు కొట్టినా చెడనంత తేలికైన డిజైన్ అది. నా దృష్టిలో గేమ్ కంట్రోలర్ల చరిత్రలో దాన్ని మించిన పనితనం ఇంకొకటి లేదు.

తర్వాతి మలుపు 1996లో నింటెండో 64. మూడు కొమ్ముల కంట్రోలర్, మధ్య కొమ్ము మీద అనలాగ్ స్టిక్. త్రీడీ ఆటలో మెల్లగా నడవాలా, పరిగెత్తాలా అన్నది స్టిక్‌ని ఎంత వంచారన్నదాని మీద ఉంటుంది, ప్లస్ బటన్‌తో అది కుదరదు. దాని వల్ల ఆటల తీరే మారిపోయింది. కానీ ఆ కన్సోల్ 3 కోట్ల 29 లక్షల దగ్గర ఆగితే మొదటి ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది. కారణం కంట్రోలర్ కాదు, ఆట ఉండే క్యాసెట్, అదే క్యాట్రిడ్జ్. సీడీలో 650 ఎంబీ పడుతుంటే క్యాట్రిడ్జ్‌లో 64 ఎంబీకి మించి రాలేదు, తయారీ ఖర్చేమో చాలా ఎక్కువ. పెద్ద ఆటల కంపెనీలు సీడీ వైపు వెళ్ళిపోయాయి.

సోనీ ఆ స్టిక్ ఆలోచన తీసుకుని ఒకటికి రెండు పెట్టింది. 1997లో డ్యూయల్‌షాక్ కంట్రోలర్ వచ్చింది. ఎడమ బొటనవేలితో నడక, కుడి బొటనవేలితో చూపు. ఈ రోజు మీ పార్లర్‌లో కుర్రాళ్ళు ఆడబోయే తుపాకీ ఆటలన్నీ ఈ అమరిక మీదే నడుస్తాయి. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. అప్పటికే లక్షల ఇళ్ళలో స్టిక్‌లు లేని పాత ప్లేస్టేషన్ కంట్రోలర్లున్నాయి. రెండు స్టిక్‌లు లేకపోతే ఆడలేని ఆట చేస్తే ఆ ఇళ్ళవాళ్ళు కొనరు. అందుకే చాలా కంపెనీలు స్టిక్‌ని ఉంటే మంచిది అన్నంతవరకే వాడాయి. 1999లో ఏప్ ఎస్కేప్ అనే ఆట డ్యూయల్‌షాక్ తప్పనిసరి అని ధైర్యం చేసింది. ప్లేస్టేషన్ 2 పెట్టెలో మొదటి రోజు నుంచే డ్యూయల్‌షాక్ 2 ఉంది కాబట్టి ఆ సందేహం అక్కడ లేకుండా పోయింది. ఆ మిషన్ 15 కోట్లు దాటడానికి అందులో డీవీడీ సినిమాలు ఆడటం కూడా పెద్ద కారణం, అది మర్చిపోకూడదు.

పెట్టెలో ఉండటం, విడిగా ఉండటం అన్న తేడా ఎంత దూరం తీసుకెళుతుందో చూడాలంటే కినెక్ట్ చూడండి. 2010లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కి, ఒంటి కదలికల్ని పట్టే విడి కెమెరాగా వచ్చి మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడైంది. ఆ ఊపులో 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌కి దాన్ని తప్పనిసరి చేసి, మొత్తం 499 డాలర్లకి పెట్టారు. ప్లేస్టేషన్ 4 ధర 399. వంద డాలర్లు ఎక్కువ పెట్టి కొన్నవాడికి ఆ కెమెరాతో ఆడదగ్గ ఆటలు చేతి లెక్కకి కూడా రాలేదు. 2014 జూన్‌లో కెమెరా తీసేసి 399కి అమ్మడం మొదలుపెట్టారు. తీసేసిన రోజే కినెక్ట్ ఆటల పని అయిపోయింది, ఎందుకంటే అందరి దగ్గరా ఉంటుందన్న నమ్మకం తయారీదారులకి పోయింది. కానీ అప్పటికే ప్లేస్టేషన్ 4 అందనంత ముందుకి వెళ్ళిపోయింది.

నింటెండో వీ ఇందుకు సరిగ్గా ఎదురు. 2006లో వచ్చిన ఆ రిమోట్‌లో కదలికని పసిగట్టే యాక్సెలరోమీటర్ ఒకటి, ముక్కు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఒకటి. టీవీ మీద పెట్టే బార్‌లో ఉన్నవి రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలే, చూసే పని రిమోట్‌దే. ఆ బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా ఆట నడుస్తుంది. ఖరీదైన సామగ్రి ఏమీ లేదు. జపాన్ బయట చాలా దేశాల్లో వీ స్పోర్ట్స్ పెట్టెలోనే ఇచ్చారు. బ్యాట్ ఊపినట్టు ఊపితే చాలు, పన్నెండు బటన్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అంతవరకూ కంట్రోలర్ ముట్టని పెద్దవాళ్ళు ముట్టుకున్నారు, 10 కోట్ల 16 లక్షలు అమ్ముడైంది. ఊపేటప్పుడు తాడు తెగి రిమోట్లు టీవీలకి తగిలితే అదే ఏడాది డిసెంబరులో 32 లక్షల తాళ్ళు మార్చిచ్చారు, తర్వాత మెత్తటి రబ్బరు తొడుగులూ ఇచ్చారు. అయితే అదే రిమోట్ ఆ కన్సోల్‌కి అడ్డం కూడా తిరిగింది. బటన్లు తక్కువ, రెండో స్టిక్ లేదు, మిషన్ శక్తీ తక్కువ. ప్లేస్టేషన్ 3కీ ఎక్స్‌బాక్స్ 360కీ చేసిన ఆటని దీనికి మార్చాలంటే మళ్ళీ మొదటి నుంచీ చేసుకోవాలి. బయటి కంపెనీలు మెల్లగా తప్పుకున్నాయి. ఆటల మీద మోజున్నవాళ్ళు కూడా వాటి వెంటే వెళ్ళిపోయారు.

2012లో వచ్చిన వీ యూ ఇంకో పాఠం. 6.2 అంగుళాల టచ్ స్క్రీన్ ఉన్న గేమ్‌ప్యాడ్. కన్సోల్‌కి ఒకటే, రెండోవాడికి పాత వీ రిమోటో, విడి కంట్రోలరో. బ్యాటరీ మూడు నుంచి ఐదు గంటలు. చూసినవాళ్ళలో చాలామంది అది పాత వీకి తగిలించే కొత్త సామాను అనుకున్నారు. పెట్టె ధరలో పెద్ద వాటా ఆ తెరకే పోయింది, ఆ తెర లేకపోతే కుదరని ఆట మటుకు దాదాపు రాలేదు. 1 కోటి 35 లక్షల దగ్గర ముగిసింది. పదికోట్ల నుంచి అక్కడికి పడటం ఒక్క తరంలో జరిగింది.

ఇప్పుడు మీరడిగిన గేమ్‌క్యూబ్. ఆ కంట్రోలర్‌లో పెద్ద ఆకుపచ్చ 'ఏ' బటన్ మధ్యలో, మిగతావి దాని చుట్టూ, ఒక్కోటి ఒక్కో ఆకారం. చూడకుండానే బొటనవేలికి ఏది ఏదో తెలిసిపోతుంది. స్టిక్ చుట్టూ ఎనిమిది పలకల గాడి ఉంది, మూలకి నెట్టితే ప్రతిసారీ కచ్చితంగా అదే కోణం వస్తుంది. నింటెండో ఫైటింగ్ ఆట స్మాష్ బ్రదర్స్ ఆడేవాళ్ళు దాన్ని వదలరు. వాళ్ళ కోసమే 2014లో, కన్సోల్ వచ్చిన పదమూడేళ్ళకి, నింటెండో వీ యూకి ఆ కంట్రోలర్‌ని తగిలించే అడాప్టర్ తీసుకొచ్చింది. అంత మంచి కంట్రోలర్ ఉన్నా కన్సోల్ 2 కోట్ల 17 లక్షలే. చిన్న డిస్క్‌లో ఒకటిన్నర జీబీ మాత్రమే పట్టేది, డీవీడీ సినిమా ఆడదు, పెద్ద వయసువాళ్ళు మెచ్చే ఆటలు తక్కువ. పంటు ఎంత గట్టిదైనా అవతలి రేవులో ఎక్కేవాళ్ళు లేకపోతే ఖాళీగానే తిరగాలి. దీనికి తోడు ఆ బటన్ల అమరిక ఒక జాతి ఆటలకి అద్భుతంగా కుదిరి, ఇంకో జాతికి కుదరలేదు. నాలుగు బటన్లూ సమానంగా వాడే ఫైటింగ్ ఆటలకి ఇబ్బంది, భుజం బటన్ ఒకటి తక్కువ.

మొదటి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ సంగతి క్లుప్తంగా. లోపలి సర్క్యూట్ బోర్డు పెద్దది కావడంతో పైన తొడుగు కూడా భారీగా తయారైంది. జపాన్ కోసం చిన్నది చేసి, 2002లో అన్నిచోట్లా దాన్నే ఇచ్చారు. జపాన్‌లో అమ్మకాలు మాత్రం లేవలేదు. కంట్రోలర్ సరిదిద్దినంత మాత్రాన లేని ఆటలు రావు. కానీ దాన్నుంచి పుట్టిన 360 కంట్రోలర్‌ని కంప్యూటర్‌కి కూడా పనిచేసేలా చేయడం మైక్రోసాఫ్ట్ చేసిన తెలివైన పని. ఈనాటికీ కంప్యూటర్ ఆటలు ఆ అమరికనే ప్రమాణంగా తీసుకుంటాయి.

ఇక మీ పార్లర్. ఇక్కడ చూడాల్సింది మన్నిక, విడిభాగాలు.

ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చినప్పుడు దాని కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ విడిగా 5,990. కన్సోల్ ధరలో దాదాపు ఎనిమిదో వంతు. రెండు టీవీలకి నాలుగు కావాలి, పెట్టెల్లో రెండొస్తాయి, మరో రెండు కొనాలి, చెడినప్పుడు సీటు ఖాళీ పడకుండా ఇంకో రెండు పక్కన ఉండాలి. ఆ ధర లెక్కన దాదాపు 24 వేలు కంట్రోలర్లకే. ఇప్పటి ధర వేసుకుని ఈ లెక్క ముందే రాసుకోండి.

డ్యూయల్‌సెన్స్ స్టిక్ కింద ఉన్నది పొటెన్షియోమీటర్ మాడ్యూల్. పల్చటి కార్బన్ పూత మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది, ఎక్కడుందో దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది. రాసుకునే కొద్దీ పూత అరిగి పొడి రాలుతుంది. అప్పుడు వేలు తీసేసినా ఆటగాడు తనంతట తాను జరుగుతాడు, అదే డ్రిఫ్ట్. ఈ రకం మాడ్యూల్‌కి తయారీదారు ఇచ్చిన ఆయుష్షు 20 లక్షల తిప్పుళ్ళు. తుపాకీ ఆటలో నిమిషానికి 80 తిప్పుళ్ళు వేసుకుంటే 417 గంటలు. ఇంట్లో రోజుకి గంట ఆడేవాడికి ఏడాది దాటుతుంది. పార్లర్‌లో రోజుకి ఎనిమిది గంటలంటే 52 రోజులు. సరిగ్గా ఆ రోజునే చచ్చిపోతుందని కాదు, ఆ తర్వాత ఎప్పుడైనా మొదలవుతుందని. ఇంత ధరకి అమ్మే వస్తువులో అరిగిపోతుందని తెలిసిన భాగాన్ని బోర్డుకి సోల్డర్ చేసి పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చదు. మార్చుకునే స్టిక్‌లని 2023లో 200 డాలర్ల డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్ కంట్రోలర్‌కి మాత్రమే ఇచ్చారు. సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ 1998లోనే రాపిడి లేని అయస్కాంతపు హాల్ సెన్సార్ స్టిక్ పెట్టింది, కాబట్టి విద్య తెలియక కాదు.

డ్రిఫ్ట్ ఎంత పెద్ద గొడవైనా అమ్మకాలు ఆగవని నింటెండో స్విచ్ రుజువు చేసింది. దాని కంట్రోలర్లయిన జాయ్‌కాన్ల మీద 2019లో అమెరికాలో దావా పడింది, 2020లో కంపెనీ అధ్యక్షుడు క్షమాపణ చెప్పారు, ఉచితంగా బాగుచేసి ఇవ్వాల్సొచ్చింది. అయినా స్విచ్ 15 కోట్లు దాటింది, ఆ ఆటలు ఇంకెక్కడా దొరకవు కాబట్టి. నష్టం కొనేవాళ్ళ మీదే పడుతుంది. మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు, వారంటీ ఆశ వదులుకోవాలి. ఒక్క మేలు, జాయ్‌కాన్ స్టిక్‌కి సోల్డరింగ్ అక్కర్లేదు. మూడు రెక్కల స్క్రూడ్రైవర్‌తో నాలుగు స్క్రూలు తీసి, రిబ్బన్ కేబుల్ లాక్ ఎత్తి, కొత్తది పెట్టొచ్చు. ఆ లాక్ గోరంత ప్లాస్టిక్, పైకి లాగితే విరుగుతుంది, నిలబెట్టినట్టు మెల్లగా తిప్పాలి.

మన డెల్టాలో ఇంకో శత్రువు గాలిలో తేమ, నరసాపురం వైపైతే ఉప్పు కూడా. బజ్జీ తిన్న చేతి నూనె, చెమట, కార్బన్ పొడి కలిసి లోపల ముద్దవుతాయి. సీటు దగ్గర చేతులు తుడుచుకునే బట్ట పెట్టండి, తిండి బయటే. రాత్రి మూసేటప్పుడు కంట్రోలర్లని సిలికా జెల్ సంచులేసిన మూత డబ్బాలో పెట్టండి, వానాకాలంలో సంచులు నెలకోసారి మార్చండి. ఛార్జింగ్‌కి కేబుల్ గుచ్చితీయడం కంటే అడుగు కాంటాక్టుల మీద ఛార్జ్ చేసే డాక్ మేలు, యూఎస్‌బీ సాకెట్ వదులు కాదు. సెట్టింగ్స్‌లో ట్రిగర్ ఎఫెక్ట్, అంటే మీట నొక్కేటప్పుడు వేలికి ఎదురొత్తే ఏర్పాటు, ఆపేయండి. ట్రిగర్ లోపల మోటారు, పళ్ళ చక్రాలు, చిన్న స్ప్రింగ్ ఉంటాయి. ఎఫెక్ట్ ఆపితే వాటికీ బ్యాటరీకీ విశ్రాంతి.

డ్యూయల్‌సెన్స్‌లో డ్రిఫ్ట్ మొదలైతే ముందు శుభ్రం చేసి చూడండి. మాడ్యూల్ పక్కనున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత సందులో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి, స్టిక్ యాభైసార్లు తిప్పి, పూర్తిగా ఆరనివ్వాలి. కొన్ని వారాలు ఉపశమనం, అంతకంటే ఆశించొద్దు. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయకండి, పొడిని పట్టి ఉంచుతాయి.

డ్యూయల్‌సెన్స్ మాడ్యూల్ మార్చడానికి ముందు నల్ల పట్టీ ఊడదీయాలి, దాని కింద రెండు స్క్రూలు. ఎల్1, ఆర్1 బటన్ల కింద మరో రెండు. తెరిచాక మొదట బ్యాటరీ కనెక్టర్ తీయండి. వైబ్రేషన్ మోటార్ల తీగలు బోర్డుకి అతికి ఉంటాయి, బోర్డుని పట్టుకుని లాగితే తెగుతాయి. మాడ్యూల్‌కి మొత్తం 14 కాళ్ళు: రెండు పొటెన్షియోమీటర్లకి మూడేసి, నొక్కుడు స్విచ్‌కి నాలుగు, ఫ్రేమ్‌కి నాలుగు. ఫ్రేమ్ కాళ్ళు బోర్డులోని రాగి పొరకి కలిసి ఉంటాయి కాబట్టి వేడి లాగేస్తాయి, చాలామంది పాడుచేసేది ఇక్కడే. సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ వేసి, తక్కువ వేడికి కరిగే సోల్డర్ అన్ని కాళ్ళకీ కలిపి, ఐరన్ 350 నుంచి 370 డిగ్రీల దగ్గర పెట్టి, అన్నీ కరిగి మాడ్యూల్ తనంతట తాను కదిలాకే ఎత్తాలి. మొండిగా లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడి వస్తుంది, తర్వాత సన్నటి తీగతో అతుకులు వేసుకోవాల్సిందే. తీశాక మిగిలిన మెత్తటి సోల్డర్‌ని విక్‌తో, అంటే దాన్ని పీల్చుకునే రాగి అల్లికతో, పూర్తిగా ఎత్తేసి కొత్త సోల్డర్‌తోనే కొత్త మాడ్యూల్ పెట్టండి.

కొత్తది పెట్టేటప్పుడు మళ్ళీ పొటెన్షియోమీటర్ వద్దు, హాల్ గానీ టీఎమ్ఆర్ గానీ తీసుకోండి. రెండూ అయస్కాంతంతో పనిచేసేవే, రాపిడి ఉండదు. టీఎమ్ఆర్‌కి కరెంటు తక్కువ పడుతుంది. అయితే పాత స్టిక్ మధ్యస్థానం కంట్రోలర్ మెమరీలో రాసి ఉంటుంది, కొత్తదాని మధ్య దానితో కలవదు. పెట్టగానే డ్రిఫ్ట్ కనిపిస్తే మాడ్యూల్ చెడ్డదని పారేయకండి. కంప్యూటర్‌కి కేబుల్‌తో కలిపి మధ్యస్థానం, అంచులు రెండూ క్యాలిబ్రేట్ చేసి, అంటే కొత్తగా కొలిపించి, సేవ్ చేయాలి.

కన్సోల్ ఎంపికకి వస్తే, మీ దగ్గరికి వచ్చేది ఫుట్‌బాల్, క్రికెట్, ఫైటింగ్ ఆడే జనమైతే ప్లేస్టేషన్ 5 తీసుకోండి, కుర్రాళ్ళ చేతులు ఆ అమరికకి అలవాటుపడి ఉన్నాయి. పాత డ్యూయల్‌షాక్ 4 దానికి కలుస్తుంది గానీ ప్లేస్టేషన్ 4 ఆటలకి మాత్రమే. కాబట్టి ఫుట్‌బాల్ ఆట ప్లేస్టేషన్ 4 వెర్షన్ కూడా ఇన్‌స్టాల్ చేసి ఉంచితే అత్యవసరానికి పాత కంట్రోలర్ అక్కరకొస్తుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ అయితే 2013 నాటి కంట్రోలర్లు కూడా కొత్త ఆటలన్నిటికీ పనిచేస్తాయి, విడిభాగాల ఖర్చు చూస్తే అదే తక్కువ. కానీ దాన్ని విప్పడానికి మధ్యలో రంధ్రమున్న టీ8 స్క్రూడ్రైవర్ కావాలి. ఐదు స్క్రూల్లో ఒకటి బ్యాటరీ గదిలో స్టిక్కర్ కింద దాగి ఉంటుంది, అది తీయకుండా తొడుగు విడదీస్తే పగులుతుంది. ఏది కొన్నా ప్రారంభానికి ముందే నాలుగు జతల మాడ్యూళ్ళు, ఒక ఫ్లక్స్ సిరంజి తెప్పించి పెట్టుకోండి. సంక్రాంతి సెలవుల్లో కుర్రాళ్ళు క్యూ కట్టాక పార్శిల్ కోసం ఎదురుచూస్తే సీటు ఖాళీగా ఉంటుంది.